యూట్యూబ్ పెడితే చాలు, గ్రాఫిక్స్ కార్డ్ 50 శాతం దాటుతోంది. ఎందుకు?

పెసరట్టు_పీసీ అడిగారు:

అందరికీ నమస్తే. గేమ్స్ ఏవీ నడవట్లేదు, క్రోమ్‌లో ఒక్క యూట్యూబ్ వీడియో పెడితే టాస్క్ మేనేజర్‌లో జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) 50 నుంచి 60 శాతం చూపిస్తోంది. రెండు నిమిషాల్లో కార్డ్ ఫ్యాన్లు మొదలవుతాయి. పాజ్ చేస్తే వెంటనే 5 శాతం లోపుకి పడిపోతుంది.

ప్రాసెసర్ ఐ5-10400ఎఫ్, కార్డ్ ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ, ర్యామ్ 16 జీబీ, విండోస్ 11. మానిటర్లు రెండు: 27 అంగుళాల 1440పీ 165 హెర్ట్జ్ ఒకటి, పక్కన పాత 1080పీ 60 హెర్ట్జ్ ఒకటి. చూసేది మామూలు 1080పీ వీడియోలే, 4కే కాదు.

ఇప్పటిదాకా చేసినవి: డీడీయూతో పాత డ్రైవర్ తీసేసి కొత్తది వేశాను. ఎక్స్‌టెన్షన్లన్నీ ఆపాను. ఎడ్జ్‌లో చూసినా అదే వరస. క్రోమ్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆపితే జీపీయూ 3 శాతానికి వచ్చింది కానీ ప్రాసెసర్ 40 శాతం పోతోంది, 60 ఫ్రేముల వీడియోలు ఆగి ఆగి నడుస్తున్నాయి.

కార్డ్ పోయే దశకి వచ్చిందా? ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

---

షంట్_రెసిస్టర్:

కార్డ్‌కి ఏమీ కాలేదు. పాజ్ చేయగానే దిగిపోతోందంటే వీడియో నడిచేటప్పుడు దానికి నిజంగానే ఏదో పని పడుతోంది. ఆ పని ఏమిటన్నదే తేలాలి. టాస్క్ మేనేజర్ ఎడమ పట్టీలో కనిపించే ఆ ఒక్క అంకెనే పట్టుకుంటే ఎప్పటికీ తేలదు.

జీపీయూ లోపల భాగాలు వేరువేరు. గేమ్ బొమ్మలు గీసే షేడర్ల భాగాన్ని టాస్క్ మేనేజర్ 3డీ అంటుంది. వీడియో ఫైల్‌ని విప్పి ఫ్రేములుగా చేసే భాగం పూర్తిగా వేరు, అది వీడియో డీకోడ్. కాపీ, వీడియో ఎన్‌కోడ్ ఇంకో రెండు. ఎడమ పట్టీలో వచ్చే శాతం వీటన్నిటి కూడిక కాదు, సగటూ కాదు. ఆ క్షణాన ఏ భాగం ఎక్కువ బిజీగా ఉందో దాని అంకె అది. కాబట్టి 55 అని కనిపిస్తే అది 3డీదా, డీకోడ్‌దా అన్నది ముందు చూడాలి. పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో జీపీయూ మీద నొక్కితే నాలుగు గ్రాఫులు వస్తాయి. ఒక్కో గ్రాఫ్ పేరు పక్కనున్న బాణం నొక్కి కావలసిన భాగాన్ని ఎంచుకోవచ్చు. ఏఎమ్‌డీ కార్డుల్లో డీకోడ్ బదులు వీడియో కోడెక్ అని ఉంటుంది.

రెండో తిరకాసు క్లాక్, అంటే చిప్పు నడిచే వేగం. శాతం అంటే ఆ భాగం ఎంతసేపు ఖాళీ లేకుండా ఉందన్న లెక్క మాత్రమే, ఎంత వేగంతో పని చేసిందన్నది అందులో ఉండదు. 3060 పని లేనప్పుడు కోర్‌ని 210 మెగాహెర్ట్జ్ దాకా దించేస్తుంది. బూస్ట్ 1777. అంటే 210 దగ్గర 40 శాతం అని చూపించినా, పూర్తి వేగంతో లెక్కేస్తే 5 శాతం కూడా కాదు. ఇలాంటి ప్రశ్నలు చాలావాటిలో అసలు సమస్యే ఉండదు, తక్కువ క్లాక్ మీద పెద్ద శాతం చూసి కంగారు పడటమే. మీ దగ్గర ఫ్యాన్లు కూడా తిరుగుతున్నాయి కాబట్టి వాట్లు నిజంగానే పెరుగుతున్నాయని అనుకుంటున్నా. అది అంకెల్లో కావాలి.

జీపీయూ-జెడ్ అనే టూల్ దించుకుని సెన్సర్స్ ట్యాబ్ తెరవండి. జీపీయూ క్లాక్, మెమరీ క్లాక్, జీపీయూ లోడ్, వీడియో ఇంజిన్ లోడ్, బోర్డ్ పవర్ డ్రా, ఈ ఐదూ రాసుకోండి. మూడు స్థితుల్లో కావాలి: క్రోమ్ మూసేసి, వీడియో మామూలు విండోలో నడుస్తుండగా, అదే వీడియో ఫుల్‌స్క్రీన్‌లో. ప్రతిసారీ ఓ నిమిషం ఆగి చూడండి, పెట్టీపెట్టగానే వచ్చే అంకెలు నమ్మొద్దు.

ఈ మూడో స్థితిలోనే సగం జవాబు దొరుకుతుంది. ఫుల్‌స్క్రీన్ చేస్తే 3డీ తగ్గిందా, బరువు వీడియోది కాదు, దాని చుట్టూ ఉన్న పేజీది. ఫుల్‌స్క్రీన్‌లో ఇంకా పెరిగిందా, ఫ్రేమ్ తయారయ్యాక దాని మీద ఎవరో మెరుగులు దిద్దుతున్నారు. పెద్ద తెరకి ఎక్కువ పిక్సెళ్లు, వాటికి తగ్గ ఎక్కువ పని.

అలాగే వీడియో మీద రైట్ క్లిక్ చేసి స్టాట్స్ ఫర్ నెర్డ్స్ తెరవండి. కోడెక్ అంటే వీడియోని కుదించిన పద్ధతి. కోడెక్స్ అన్న వరసలో ఏవీ01 (ఏవీ1), వీపీ09 (వీపీ9), ఏవీసీ1 (హెచ్.264) వీటిలో ఏది ఉందో చెప్పండి. 3060 ఈ మూడింటినీ డీకోడ్ భాగంలోనే విప్పగలదు కాబట్టి మీకు అక్కడ చిక్కు ఉండకపోవచ్చు. అయినా చూడటం మంచిది.

హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ మళ్లీ ఆన్ చేయండి. దాన్ని ఆపడమంటే ఎలకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమే. జీపీయూ అంకె పడిపోతుంది, నిజమే. కానీ వీడియో విప్పడం, పేజీని కూర్చడం రెండూ ప్రాసెసర్ నెత్తిన పడతాయి.

---

బాల్కనీ_బెంచ్:

పైన చెప్పినవి చూస్తూనే యాంబియంట్ మోడ్ కూడా చూడండి. యూట్యూబ్ డార్క్ థీమ్‌లో ఉంటే వీడియో చుట్టూ రంగుల కాంతి పరుచుకుంటుంది కదా, అదే. 2022 చివర్లో వచ్చింది. వీడియోలోని రంగులు తీసి, మసక చేసి, పేజీ వెనక గీస్తూనే ఉంటుంది. వీడియో మీదున్న పళ్లచక్రం గుర్తు నొక్కితే యాంబియంట్ మోడ్ అని స్విచ్ ఉంటుంది. ఆపేస్తే పోయేదేమీ లేదు. నా లెక్కలో అది తొలిరోజు నుంచీ దండగే.

ఇంకోటి, వీడియో కింద పేజీలో కదిలే ప్రకటన బొమ్మలు, పక్క మానిటర్‌లో లైవ్ వాల్‌పేపర్, డిస్కార్డ్‌లో ఎవరో తెర పంచుకోవడం, ఇవన్నీ ఒకే 3డీ గ్రాఫ్‌లో కలుస్తాయి. ఎవరు ఎంత తింటున్నారో చూడాలంటే టాస్క్ మేనేజర్ డీటెయిల్స్ ట్యాబ్‌లో శీర్షికల వరస మీద రైట్ క్లిక్ చేసి, సెలెక్ట్ కాలమ్స్‌లో జీపీయూ, జీపీయూ ఇంజిన్ టిక్ పెట్టండి.

---

పెసరట్టు_పీసీ:

ఇద్దరికీ థ్యాంక్స్. అంకెలు ఇవిగో.

క్రోమ్ మూసేసి: కోర్ 210, మెమరీ 1875, లోడ్ 4 శాతం, వీడియో ఇంజిన్ 0, బోర్డ్ 33 వాట్లు.

విండోలో 1080పీ: కోర్ 1830 దగ్గర, మెమరీ 1875, లోడ్ 46, వీడియో ఇంజిన్ 5, బోర్డ్ 78 వాట్లు.

ఫుల్‌స్క్రీన్: కోర్ 1850 దగ్గర, మెమరీ 1875, లోడ్ 63, వీడియో ఇంజిన్ 5, బోర్డ్ 96 వాట్లు.

కోడెక్ వీపీ09. యాంబియంట్ మోడ్ ఆపితే విండోలో 4 శాతం తగ్గింది, ఫుల్‌స్క్రీన్‌లో తేడా లేదు. 144పీకి దించితే మాత్రం లోడ్ 8కి పడిపోయింది. ఇది వింతగా ఉంది.

---

షంట్_రెసిస్టర్:

చాలా శుభ్రంగా రాశారు, ఇక వెతకాల్సిన పని లేదు. వీడియో ఇంజిన్ 5 శాతమే, అంటే విప్పడం హాయిగా జరుగుతోంది. 3డీ మాత్రం పూర్తి క్లాక్ మీద 63, పైగా ఫుల్‌స్క్రీన్‌లో పెరుగుతోంది. ఇది ఆర్‌టీఎక్స్ వీడియో సూపర్ రిజల్యూషన్. 2023 ఫిబ్రవరిలో 30, 40 సిరీస్ కార్డులకి వచ్చింది, అదే ఏడాది అక్టోబర్‌లో 20 సిరీస్‌కి కూడా ఇచ్చారు. తక్కువ రిజల్యూషన్ వీడియోని న్యూరల్ నెట్‌వర్క్‌తో మీ మానిటర్ సైజుకి పెంచి, కుదింపు వల్ల వచ్చిన గళ్లూ మరకలూ తుడుస్తుంది. ప్రతి ఫ్రేముకీ ఆ లెక్క మళ్లీ చేయాలి. డ్రైవర్ స్థాయిలో ఉండే ఫీచర్ కాబట్టి ఎడ్జ్‌లోనూ అదే కనిపించింది.

144పీ వింత కూడా దీంతో విడిపోతుంది. ఇది 360పీ నుంచి 1440పీ దాకా ఉన్న వీడియోల మీదే పని చేస్తుంది. 144పీ, 240పీలని ముట్టుకోదు. ఇక మీదట ఎవరికైనా అనుమానం వస్తే ఇదే పరీక్ష చాలు: 240పీలో లోడ్ లేదు, 360పీకి మార్చగానే ఎగిరిందంటే ఇదే.

ఆపే దారి: ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్, ఎడమ వైపు వీడియో కింద అడ్జస్ట్ వీడియో ఇమేజ్ సెట్టింగ్స్, అడుగున ఆర్‌టీఎక్స్ వీడియో ఎన్‌హాన్స్‌మెంట్. సూపర్ రిజల్యూషన్ టిక్ తీసేసి అప్లై చేయండి. కొత్త ఎన్విడియా యాప్ ఉంటే సిస్టమ్, తర్వాత వీడియో. వీడియో నడుస్తుండగా ఆ పేజీ తెరిస్తే అది యాక్టివ్‌గా ఉందో లేదో కూడా రాసి ఉంటుంది. పక్కనే ఆర్‌టీఎక్స్ వీడియో హెచ్‌డీఆర్ అని ఇంకొకటి ఉంటుంది. విండోస్‌లో హెచ్‌డీఆర్ ఆన్ చేసి ఉంటే అది కూడా ఇలాగే తింటుంది.

పూర్తిగా వద్దనుకోకపోతే క్వాలిటీ 4 నుంచి 1కి దించి చూడండి. పాత 480పీ క్లిప్పులకి 1 కూడా బాగానే పనికొస్తుంది. మంచి బిట్‌రేటున్న 1080పీకి 4 పెట్టి 60 వాట్లు కాల్చడం నా దృష్టిలో దండగ. ఆ తేడా కనపడాలంటే తెరకి ముక్కు ఆనించి చూడాలి.

ఇక మీ జాబితాలో ఇంకో చిన్న తప్పు ఉంది, మీరు అడగకపోయినా చెప్తున్నా. బ్రౌజర్ మూసేసినా మెమరీ 1875 దగ్గరే ఉంది. 3060కి అది పూర్తి వేగం. ఖాళీగా ఉన్నప్పుడు బాగా కిందికి దిగాలి. 165, 60 హెర్ట్జ్ మానిటర్లు కలిసి ఉన్నప్పుడు ఇలా అవుతుంటుంది. తెర ఒక ఫ్రేము గీయడం ముగించి తర్వాతిది మొదలుపెట్టే ఆ చిన్న సందులోనే మెమరీ క్లాక్ మారాలి. రెండు తెరల సందులూ ఒకేసారి కుదరకపోతే డ్రైవర్ ఎందుకొచ్చిన గొడవని పైనే ఉంచేస్తుంది. రెండో మానిటర్ కేబుల్ తీసి కిందికి దిగుతుందేమో చూడండి. దిగితే, పెద్ద మానిటర్‌ని 144కి గానీ 120కి గానీ మార్చి, రెండోది మళ్లీ తగిలించండి.

---

టెర్మినల్_తాతయ్య:

నాదీ ఇదే బాధ కానీ కార్డ్ వేరు. ల్యాప్‌టాప్, రైజెన్ 5 5600హెచ్, జీటీఎక్స్ 1650. హెచ్‌డీఎంఐతో టీవీకి తగిలించి యూట్యూబ్ చూస్తే 1650 మేలుకుని 30 శాతం, ప్రాసెసర్ 35 శాతం. కోడెక్ ఏవీ01 అని ఉంది. ఎన్విడియా ప్యానెల్‌లో మీరు చెప్పిన ఆర్‌టీఎక్స్ వరసే లేదు.

---

షంట్_రెసిస్టర్:

జీటీఎక్స్‌కి అది రాదండీ, ఉండదు కూడా. మీది రెండు వేరే సమస్యల జంట.

మొదటిది కోడెక్. ఏవీ1ని హార్డ్‌వేర్‌లో విప్పే భాగం ఎన్విడియాలో ఆర్‌టీఎక్స్ 30 సిరీస్ నుంచి ఉంది, ఇంటెల్‌లో 11వ తరం నుంచి, ఏఎమ్‌డీలో ఆర్‌ఎక్స్ 6000 సిరీస్ నుంచి. ఆ 6000లో కూడా 6400, 6500 ఎక్స్‌టీలకి లేదు, కొనేవాళ్లు గుర్తుపెట్టుకోండి. మీ 1650కి లేదు, 5600హెచ్ లోపలున్న గ్రాఫిక్స్‌కీ లేదు. కాబట్టి డేవిడ్ (రాసేది డేవ్1డీ అని) అనే సాఫ్ట్‌వేర్ డీకోడర్ ప్రాసెసర్ మీద విప్పి, ఒక్కో ఫ్రేమునీ జీపీయూకి మోసుకెళ్లి ఇస్తోంది. ప్రాసెసర్ 35 శాతం అందుకే. నిర్ధారించుకోవాలంటే క్రోమ్‌లో ఎఫ్12 నొక్కి, మూడు చుక్కలు, మోర్ టూల్స్, మీడియా. అక్కడ డీకోడర్ పేరు డేవ్1డీ వీడియో డీకోడర్ అని ఉంటే ప్రాసెసర్ చేస్తున్నట్టు, డీ3డీ11 వీడియో డీకోడర్ అని ఉంటే కార్డ్ చేస్తున్నట్టు.

మందు తేలికే. యూట్యూబ్ సెట్టింగ్స్‌లో ప్లేబ్యాక్ అండ్ పెర్ఫార్మెన్స్ పేజీలో ఏవీ1 సెట్టింగ్స్ అని ఉంటుంది. ప్రిఫర్ ఏవీ1 ఫర్ ఎస్‌డీ పెట్టండి. చిన్న రిజల్యూషన్లకే ఏవీ1 వస్తుంది, హెచ్‌డీకి వీపీ9 వస్తుంది. వీపీ9ని మీ రెండు చిప్పులూ హార్డ్‌వేర్‌లో విప్పుతాయి. ఫైర్‌ఫాక్స్ వాడితే అబౌట్:కాన్ఫిగ్‌లో మీడియా.ఏవీ1.ఎనేబుల్డ్‌ని ఫాల్స్ చేస్తే సరి.

రెండోది హెచ్‌డీఎంఐ. చాలా గేమింగ్ ల్యాప్‌టాపుల్లో ఆ పోర్టు వైరు నేరుగా పెద్ద కార్డ్‌కే వెళ్తుంది. టీవీ తగిలించిన మరుక్షణం అది నిద్రలేవాల్సిందే, క్రోమ్‌తో సంబంధం లేదు. కొన్ని మోడళ్లలో టైప్-సీ పోర్టు ప్రాసెసర్ లోపలున్న చిన్న గ్రాఫిక్స్‌కి కలిపి ఉంటుంది. ఎన్విడియా ప్యానెల్‌లో సెట్ ఫిజ్‌ఎక్స్ కాన్ఫిగరేషన్ పేజీలో ఏ తెర ఏ చిప్పుకి తగిలిందో బొమ్మ ఉంటుంది, రెండు పోర్టులూ మార్చి చూడండి. టైప్-సీ రైజెన్ కింద కనిపిస్తే దానికో హెచ్‌డీఎంఐ అడాప్టర్ కొనండి. ఆ తర్వాత విండోస్ సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్‌లో క్రోమ్‌ని ఎంచుకుని పవర్ సేవింగ్ పెట్టండి. పోర్టు పెద్ద కార్డ్‌దే అయితే ఈ పవర్ సేవింగ్ పెట్టొద్దు. చిన్న చిప్పు గీసిందాన్ని పెద్ద చిప్పుకి కాపీ చేసే పని అదనంగా తగులుకుంటుంది.

---

సెకండ్‌హ్యాండ్_సీపీయూ:

ఆఫీసుల నుంచి వచ్చే పాత ఐ5-6500 డబ్బాలు కొన్నవాళ్లకి ఒక మాట. వాటిలో హెచ్‌డీ 530 గ్రాఫిక్స్ ఉంటుంది. హెచ్.264ని పూర్తిగా హార్డ్‌వేర్‌లో విప్పుతుంది. వీపీ9 మాత్రం సగం సగం: కొంత ప్రాసెసర్, కొంత షేడర్లు కలిసి లాగుతాయి. అందుకే అక్కడ డీకోడ్ గ్రాఫ్ పడుకుని 3డీ గ్రాఫ్ ఎగురుతుంది. 7వ తరం నుంచే వీపీ9కి సొంత భాగం వచ్చింది.

ఎన్‌హాన్స్‌డ్-హెచ్264ఐఫై అనే ఎక్స్‌టెన్షన్ వేసి, వీపీ9, ఏవీ1 రెండూ బ్లాక్ టిక్ పెట్టండి. యూట్యూబ్ అప్పుడు ఏవీసీ1 పంపుతుంది. దీనికి వెల ఉంది: 1080పీ పైన ఏదీ రాదు, ఎందుకంటే 1440పీ, 4కేలని యూట్యూబ్ హెచ్.264లో ఇవ్వదు. ఆ డబ్బాలకి 1080పీ మానిటరే ఉంటుంది కాబట్టి పోయిందేమీ లేదు. అప్పటికీ బరువనిపిస్తే అందులోనే 60 ఫ్రేములు బ్లాక్ చేసే టిక్ కూడా ఉంది.

---

రిజిస్ట్రీ_రాజా:

ఇన్ని అక్కర్లేదు బ్రో. రిజిస్ట్రీలో డీడబ్ల్యూఎం (డెస్క్‌టాప్ విండో మేనేజర్) కింద ఓవర్‌లే టెస్ట్ మోడ్ అని డీవర్డ్ విలువ పెట్టి 5 ఇచ్చి రీస్టార్ట్ కొడితే వీడియో సమస్యలన్నీ పోతాయి. అన్ని చోట్లా ఇదే చెప్తున్నారు.

---

షంట్_రెసిస్టర్:

అది తెర మినుకుమినుకుమనే సమస్యకి వాడేది, ఈ సమస్యకి కాదు. ఇక్కడ చేస్తే ఎదురు తిరుగుతుంది కూడా. ఆ విలువ మల్టీప్లేన్ ఓవర్‌లేని ఆపేస్తుంది. ఓవర్‌లే ఉన్నప్పుడు వీడియో ఫ్రేము తిన్నగా తెర గీసే భాగానికి వెళ్తుంది. లేకపోతే ప్రతి ఫ్రేమునీ డెస్క్‌టాప్ విండో మేనేజర్ తన దగ్గరున్న మిగతా విండోలతో కలిపి మళ్లీ గీయాలి, ఆ పని 3డీలోనే జరుగుతుంది. ఎప్పుడో మినుకుల కోసం ఇది పెట్టి మర్చిపోయినవాళ్లు ఆ డీవర్డ్ తీసేసి రీస్టార్ట్ చేసి చూడండి.

ఇదే బాపతు ఇంకొకటి: క్రోమ్://ఫ్లాగ్స్‌లో చూజ్ యాంగిల్ గ్రాఫిక్స్ బ్యాకెండ్‌ని ఓపెన్‌జీఎల్‌కి మార్చమని కొన్ని వీడియోలు చెప్తాయి. విండోస్‌లో హార్డ్‌వేర్ డీకోడర్ డీ3డీ11 (విండోస్ సొంత గ్రాఫిక్స్ వ్యవస్థ డైరెక్ట్3డీ 11) మీద ఆధారపడింది. మార్చినవాళ్లు డిఫాల్ట్‌కి తిప్పేయండి. పైనున్న రీసెట్ ఆల్ నొక్కితే ఇంకా మంచిది. తర్వాత క్రోమ్://జీపీయూలో వీడియో డీకోడ్ పక్కన హార్డ్‌వేర్ యాక్సిలరేటెడ్ అని పచ్చగా ఉందో లేదో చూసుకోండి.

---

బాల్కనీ_బెంచ్:

ఒక హెచ్చరిక కూడా చేర్చనీండి. పాజ్ చేసినా జీపీయూ గానీ ప్రాసెసర్ గానీ దిగకపోతే, అందులోనూ దొంగ ప్రింట్ల సైట్లలో చూస్తున్నప్పుడైతే, పైవన్నీ పక్కన పెట్టండి. క్రోమ్‌లో షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే దాని సొంత టాస్క్ మేనేజర్ వస్తుంది. ఏ ట్యాబ్, ఏ ఎక్స్‌టెన్షన్ తింటోందో అక్కడ పేరుతో సహా ఉంటుంది, అక్కడే ఎండ్ ప్రాసెస్ కొట్టండి. జీపీయూ ప్రాసెస్ అన్న వరసని మాత్రం చంపినా లాభం లేదు, అది అందరి పనీ చేసే కూలీ, క్షణంలో మళ్లీ లేస్తుంది.

---

పెసరట్టు_పీసీ:

సూపర్ రిజల్యూషన్ క్వాలిటీ 4లో ఆన్ అయి ఉంది. ఆపేశాక ఫుల్‌స్క్రీన్ 1080పీలో లోడ్ 14, కోర్ 400 లోపు, బోర్డ్ 36 వాట్లు. ఫ్యాన్లు అసలు తిరగట్లేదు.

రెండో మానిటర్ తీస్తే మెమరీ క్లాక్ బాగా కిందికి దిగింది. పెద్దదాన్ని 144కి పెట్టి మళ్లీ తగిలించాను, రెండూ ఉన్నా కిందే నిలబడింది. ఖాళీగా ఇప్పుడు 16 వాట్లు.

ఒక్క సందేహం. పాత 480పీ క్లిప్పులకి మాత్రం సూపర్ రిజల్యూషన్ కావాలి. క్రోమ్‌లో ఆన్, ఎడ్జ్‌లో ఆఫ్, అలా పెట్టుకోవచ్చా?

---

షంట్_రెసిస్టర్:

ఎన్విడియా ప్యానెల్‌లో బ్రౌజర్ వారీగా విడదీసే దారి లేదు, ఆ టిక్ అందరికీ ఒకటే. దాన్ని మామూలుగా ఆఫ్‌లో ఉంచి, ఆ క్లిప్పులు చూసేటప్పుడు మాత్రం ఆన్ చేసుకోండి. ఎడ్జ్‌కి ఎన్‌హాన్స్ వీడియోస్ అని సొంత ఫీచర్ ఒకటి ఉండేది, తర్వాత తీసేశారు. అది 720పీ కంటే తక్కువున్న వీడియోలనే ముట్టుకునేది.